పెద్దావిడ వెనుక వాయించబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మెంఫిస్ నుంచి మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా కుశలం. అక్కడ అక్కయ్య, బావగారు, నువ్వు క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పడుచు వయసులో నాలుగైదు రికార్డులు ఇచ్చి, ఆ తరువాత సంసారం, ఉద్యోగం, ఆదివారాల చర్చి గాయకబృందం వీటితోనే కాలం గడిపిన ఒక సోల్ (అమెరికా నల్లజాతివారి చర్చి పాటల్లోంచి పెరిగిన సంగీతం) గాయని, డెబ్బై దాటిన వయసులో మళ్ళీ వేదిక ఎక్కాలనుకోవడం, అందుకు అట్లాంటాలోని మీ కుర్రవాళ్ళ బృందాన్ని కోరుకోవడం, సంగీత సారథ్యం నీ మీద పెట్టడం నాకెంతో సంతోషం కలిగించింది. పగలు ఆసుపత్రి లాబొరేటరీలో పనిచేసి, శనాదివారాల్లో ఈ ఊళ్ళో ఇటువంటి పెద్దల వెనుక ఆర్గన్ వాయిస్తూ వచ్చినవాణ్ణి గనుక, నువ్వు అడిగినవాటికి నాకు తోచినంత వివరంగా రాస్తున్నాను.

పాటల వరుస ఎలా ఉండాలి, రిహార్సల్స్ ఎన్ని పెట్టాలి, హార్న్స్ (ట్రంపెట్, శాక్సఫోన్ వంటి ఊదే వాయిద్యాలు) ఎంతమంది ఉండాలి అని అడిగావు. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. మీ బృందం ఎవరి గొంతు కోసం వాయించబోతోంది? 1968 నాటి రికార్డు మీద వినిపించే ఇరవై ఏళ్ళ అమ్మాయి గొంతు కోసమా, ఇవాళ మీ ఎదుట మైకు పట్టుకుని నిలబడే మనిషి గొంతు కోసమా? నీ తోటివాళ్ళందరూ రెండోదే అంటారు. అని, రిహార్సల్లో మొదటిదానికే వాయిస్తారు. ఎందుకంటే వాళ్ళు ప్రేమించింది ఆ రికార్డును. ఆ డ్రమ్స్ మోత, ఆ గిటారు గీత, ఆ ట్రంపెట్ల పిలుపు వాళ్ళకు కంఠస్థం. ఆవిడ రావడం వాళ్ళకు ఆ రికార్డులోకి అడుగుపెట్టే అవకాశంలా కనిపిస్తుంది. ఈ ఉత్సాహాన్ని మొదటి రోజే అదుపులో పెట్టవలసినవాడివి నువ్వు.

నీకు ఈ మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నువ్వు విజయవాడ ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించి వచ్చినవాడివి. అక్కడ ‘అచ్చం రికార్డులో ఉన్నట్టే దింపేశాడు’ అనిపించుకోవడమే పెద్ద బిరుదు. ఫ్లూట్ బిట్టు ఎక్కడ అందుకోవాలో, వయొలిన్లు ఎక్కడ ఆగాలో వెంట్రుకవాసి తేడా లేకుండా పట్టుకోవడం ఒక విద్యే, దాన్ని నేను తక్కువ చేయను. అయితే అక్కడ పాడేవాడు కూడా రికార్డునే అనుకరిస్తాడు కాబట్టి అందరి లెక్కా ఒక్కటవుతుంది. ఇక్కడ ఆ రికార్డు చేసిన మనిషే వచ్చి నిలబడుతున్నారు. ఆవిడ తనను తాను అనుకరించుకోవలసిన పరిస్థితి మీ వల్ల రాకూడదు. మన కచేరీల్లో ఒద్దికైన పక్కవాద్యగాడు గాయకుడి ఆనాటి గొంతును, ఆనాటి ఊపిరిని చూసుకుని ఎలా వాయిస్తాడో, సోల్ సంగీతంలో బృందం పని కూడా అదే.

వయసుతో గొంతులో ఏం మారుతుందో తెలుసుకుంటే సగం తగవులు పుట్టవు. ఆడవాళ్ళకు నడివయసు దాటాక స్వరతంతువులు కాస్త మందమై గొంతు కిందికి దిగుతుంది. మగవాళ్ళకు అవి పలచబడి గొంతు సన్నబడడం కద్దు. ఊపిరితిత్తుల బలం తగ్గి, ఒక్క గుక్కలో పాడగలిగే పంక్తి పొట్టిదవుతుంది. కంపితం వెడల్పై నెమ్మదిస్తుంది. పై స్వరాలు కొన్ని పోతాయి. అయితే ఇరవై ఏళ్ళ వయసులో లేని నిండుదనం కింది స్వరాల్లో ఏర్పడుతుంది, మాటకు బరువు వస్తుంది. కాబట్టి స్కేలు దించడాన్ని నష్టపరిహారంలా చూడకు; ఆ కింది స్వరాలు జనానికి వినిపించే మార్గం అదే.

స్కేలు ఎలా తేల్చాలంటే, మొదటిసారి కూర్చున్నప్పుడు బృందం వద్దు. పియానో దగ్గర నువ్వు, ఆవిడ, ఇద్దరే ఉండండి. పొద్దున్నే కాకుండా మధ్యాహ్నం భోజనం అరిగిన తరువాత కూర్చోండి. ఏ స్కేలులో వాయిస్తున్నావో చెప్పకు. చెబితే, ‘నేను అప్పట్లో జీ స్కేలులో పాడేదాన్ని’ అంటూ పట్టుదలకు పోతారు. ముఖ్యంగా, ప్రతి పాటనూ గంటసేపు పాడిన తరువాత మళ్ళీ ఒకసారి పరీక్షించు. కార్యక్రమంలో ఆ పాట వచ్చేసరికి ఆవిడ అలసిపోయి ఉంటారు గనుక, గొంతు తాజాగా ఉన్నప్పుడు కుదిరిన స్కేలు అక్కడ అక్కరకు రాదు. పాత రికార్డు స్కేలును ప్రమాణంగా తీసుకోవద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ రోజుల్లో కొన్ని పాటలకు ఉషారు తేవడానికి టేపు వేగం కాస్త పెంచి అచ్చు వేసేవారు. రికార్డులో వినిపించే స్కేలులో ఆవిడ ఏనాడూ పాడి ఉండకపోవచ్చు.

ఇక్కడ బృందంలో ఒక చిక్కు వస్తుంది. జీ స్కేలులో ఉన్న పాటను ఆవిడ కోసం మూడు అరమెట్లు దించి ‘ఈ’ స్కేలుకు తెచ్చావనుకో. గిటారువాడు సంతోషిస్తాడు, ఎందుకంటే ‘ఈ’ స్కేలులో అతనికి విడి తీగలు మోగుతాయి. ట్రంపెట్, టెనర్ శాక్సఫోన్ వాయించేవాళ్ళు మాత్రం ముఖం మాడ్చుకుంటారు. వాళ్ళవి బీ ఫ్లాట్ వాయిద్యాలు, అంటే వాళ్ళకు స్కేలును రెండు అరమెట్లు పైకి మార్చి రాయాలి కాబట్టి, మీ ‘ఈ’ స్కేలు వాళ్ళ కాగితం మీద ఆరు షార్పులున్న ఎఫ్ షార్ప్ అవుతుంది. దాన్ని వాయించలేరని కాదు, అందులో వాళ్ళ వేళ్ళకు ఆ తేలికతనం ఉండదు. అటువంటప్పుడు ఇంకో అరమెట్టు దించి ‘ఈ ఫ్లాట్’‌లో పెట్టు. హార్న్స్‌కు అది ఒక్క ఫ్లాటున్న ఎఫ్‌గా మారి సుఖంగా ఉంటుంది, ఆవిడకు పైన కాస్త చోటు మిగులుతుంది, గిటారువాడు ఆ పాటకు తీగలు అరమెట్టు దించిన రెండో గిటారు తెచ్చుకుంటాడు. అందరిలోకీ సర్దుకుపోవడానికి ఎక్కువ వీలున్నది అతనికే. ఆవిడ సౌకర్యం మొదట, హార్న్స్ సౌకర్యం తరువాత, గిటారు సౌకర్యం ఆఖరున అన్న వరుస పెట్టుకుంటే వాదనలు ఉండవు.

కాలప్రమాణం విషయంలో కుర్రవాళ్ళు తలకిందులుగా ఆలోచిస్తారు. పెద్ద వయసు కదా, అన్నీ నెమ్మదిగా వాయిద్దాం అంటారు. నెమ్మది పాటకే ఊపిరి ఎక్కువ కావాలి. నిమిషానికి 60 దెబ్బల మీద నడిచే పాటలో ఒక పంక్తిని లాక్కురావడం, 68 మీద లాక్కురావడం కంటే కష్టం. అందుచేత విషాదగీతాలను మరీ సాగదీయకండి. పంక్తికీ పంక్తికీ మధ్య ఆర్గన్‌తోనో గిటారుతోనో రెండు మాత్రలు నింపితే ఆవిడకు ఊపిరి తీసుకునే వేళ దొరుకుతుంది, వినేవాళ్ళకు అది ఖాళీలా తోచదు. వేగం పాటల్లో బరువును డ్రమ్మరు మోయాలి. 1965లో ఇక్కడి స్టాక్స్ రికార్డు కంపెనీ స్టూడియోలో గాయకుడు విల్సన్ పికెట్ రికార్డింగు జరుగుతుండగా, అట్లాంటిక్ కంపెనీ పెద్ద జెర్రీ వెక్స్‌లర్ కంట్రోల్ రూములోంచి బయటికి వచ్చి, అప్పట్లో కుర్రకారు చేస్తున్న డాన్సు చేసి చూపించి, రెండో దెబ్బ కాస్త వెనక పడాలని అడిగారు. డ్రమ్మరు అల్ జాక్సన్, గిటారు వాయించే స్టీవ్ క్రాపర్ అది పట్టుకున్నారు. మెంఫిస్ వాయిద్యానికి అదే ముద్ర అయిపోయింది. మీ డ్రమ్మరుకు ఆ వెనకపాటు రావాలి. అది వస్తే వేగం పెంచకుండానే పాటకు ఊపు వస్తుంది, ఆవిడ తరుముకుంటూ పాడవలసిన పని తప్పుతుంది. స్నేర్ అనే డ్రమ్ము మీద పర్సు పెట్టి మోతను అణచడం ఈ ఊళ్ళో పాత అలవాటు; చిన్న హాల్లో ఇప్పటికీ పనికొస్తుంది.

ఈ విషయంలో సోల్ గాయని బెట్టీ లవెట్ కథ నువ్వు శ్రద్ధగా తెలుసుకోవాలి. డెట్రాయిట్‌లో పెరిగిన ఆమె 1962లో, పదహారేళ్ళ వయసులో, మొదటి రికార్డుతోనే పేరు తెచ్చుకుంది. 1972లో అలబామాలోని మజిల్ షోల్స్‌లో ఒక పూర్తి ఆల్బమ్ రికార్డు చేస్తే, కంపెనీ దాన్ని విడుదల చేయకుండా అటక మీద పడేసింది. ఆ టేపులను 2000లో ఒక ఫ్రెంచి రికార్డుల సేకరణకర్త వెలికితీసి ప్రచురించే దాకా లోకానికి ఆ గొంతు ఏమిటో సరిగా తెలియదు. 2005లో నిర్మాత జో హెన్రీతో కలిసి, అన్నీ స్త్రీలు రాసిన పాటలే ఎంచుకుని ఒక ఆల్బమ్ చేసింది. 2007లో మళ్ళీ మజిల్ షోల్స్‌కే వెళ్ళి, గిటార్ల హోరుకు పేరుపడ్డ డ్రైవ్-బై ట్రక్కర్స్ అనే రాక్ బృందంతో ఇంకొకటి చేసింది. ఆ బృందం నాయకుల్లో ఒకరైన ప్యాటర్సన్ హుడ్ ఎవరనుకున్నావు? 1972లో ఆమె వెనుక బేస్ గిటారు వాయించిన డేవిడ్ హుడ్ కొడుకు.

ఆ స్టూడియోలో అంతా సాఫీగా సాగలేదన్నది ఇరువైపులవాళ్ళూ బహిరంగంగా చెప్పిన మాటే. సాగదు కూడా. ఒక పక్క తమ పద్ధతిలో పాటను కట్టుకోవడానికి అలవాటుపడ్డ కుర్రవాళ్ళు, ఇంకో పక్క నలభై ఏళ్ళుగా ప్రతి నిర్మాత చేతా ‘ఇలా పాడు, అలా పాడు’ అనిపించుకుని విసిగిపోయిన మనిషి. అయినా ఆ ఆల్బమ్ విను. గిటార్లు మోటుగానే ఉంటాయి, కానీ ఆమె మాట మొదలుపెట్టగానే తప్పుకుంటాయి. కీబోర్డు దగ్గర మజిల్ షోల్స్ పాత తరం మనిషి స్పూనర్ ఓల్డ్‌హామ్ కూర్చుని, రెండు తరాలకూ నడుమ మాట కలిపినట్టు వాయిస్తారు. ఆమె తన పాత పద్ధతిలోకి పోలేదు, వాళ్ళు సోల్ బృందంలా వేషం వేయలేదు. మీ తగవుల్లో కూడా ఎవరి మాట ఎక్కడ చెల్లాలో ముందే తేల్చుకోండి. మాట విరుపు, పంక్తి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, ఏ చరణం వదిలేయాలి అన్నది ఆవిడ ఇష్టం, దాని మీద చర్చ వద్దు. ఎవరు ఎప్పుడు వాయించాలి, ఎంత గట్టిగా వాయించాలి అన్నది నీ ఇష్టం, అందులో నీ బృందం మాట కూడా చెల్లనివ్వకు.

పాత తరం మనిషిని ఒక్కరినైనా బృందంలో పెట్టుకో. ఇక్కడి గాయకుడు డాన్ బ్రయంట్ 1969లో ఒక సోల్ ఆల్బమ్ ఇచ్చి, తరువాత ఈ ఊరి కంపెనీ హై రికార్డ్స్‌లో ఇతరులకు పాటలు రాస్తూ, భక్తిగీతాలు పాడుకుంటూ ఉండిపోయి, మళ్ళీ 2017లో గాని రెండో సోల్ ఆల్బమ్ ఇవ్వలేదు. వెనుక వాయించిన బో-కీస్ బృందాన్ని కట్టిన స్కాట్ బోమర్ తరువాతి తరంవాడు. డ్రమ్స్ దగ్గర కూర్చున్నది మాత్రం హై రికార్డ్స్ కాలంనాటి హవర్డ్ గ్రైమ్స్. అటువంటి మనిషి వెనుక ఉంటే గాయకుడు వెనక్కి తిరిగి చూడవలసిన పని ఉండదు. కుర్రవాళ్ళకు కూడా, యాభై ఏళ్ళ కిందటి పద్ధతి రికార్డులోంచి కాకుండా పక్కన కూర్చున్న చేతుల్లోంచి అందుతుంది. అట్లాంటా చర్చిల్లో అటువంటి డ్రమ్మర్లు, ఆర్గనిస్టులు ఇప్పటికీ దొరుకుతారు. ఆవిడనే అడుగు, ఆవిడకు తెలుసు.

కొత్త పాటల విషయంలో మొహమాటపడకు. పాతవే పాడితే జ్ఞాపకాల సభ అవుతుంది, రెండో ఏడు ఎవరూ పిలవరు. పాత తరం సోల్ గాయకుడు సాలొమన్ బర్క్ 2002లో, అదే జో హెన్రీ నిర్మాణంలో, నాలుగంటే నాలుగు రోజుల్లో రికార్డు చేసిన ఆల్బమ్ నిండా ఇతరులు ఆయనకిచ్చిన పాటలే. మరుసటి ఏడు దానికి గ్రామీ వచ్చింది. ఇంకో పాత తరం గాయకుడు విలియం బెల్ 2016లో తన పాత కంపెనీ స్టాక్స్ పేరు మీదనే కొత్త పాటలతో వచ్చి, డెబ్బై ఏడేళ్ళ వయసులో మొట్టమొదటి గ్రామీ అందుకున్నారు. కొత్త పాటలు ఆవిడ వయసుకు తగినవై ఉండాలి. అంటే వార్ధక్యం గురించి ఉండాలని కాదు. పోగొట్టుకోవడం, క్షమించడం, క్షమించకపోవడం, డబ్బు లేకపోవడం, ఇంకా కోరిక చావకపోవడం, ఇవన్నీ ఆవిడ పాడితే నమ్ముతారు. పాత పాటల్లో ‘మా అమ్మకు చెబుతాను’ వంటి పిల్లతనపు మాటలున్నవి ఉంటే వాటిని తీసేయనక్కరలేదు. డ్రమ్స్ ఆపి, పియానో ఒక్కదాని మీద, మాట్లాడుతున్నట్టు పాడమని అడిగి చూడు. 2008 డిసెంబరులో కెనెడీ సెంటర్ సభలో బెట్టీ లవెట్ ఒక ఇంగ్లీషు రాక్ పాటను, దాన్ని రాసిన పీట్ టౌన్‌షెండ్ ఎదురుగా కూర్చుని ఉండగా, పూర్తిగా తన పాటగా మార్చుకుని పాడింది. వీలు చూసుకుని ఆ దృశ్యం చూడు. ఆ సభలో వాద్యబృందం ఎంత తక్కువ వాయించిందో గమనించు.

న్యూయార్కులోని బ్రూక్లిన్ బృందాలతో పాడిన షరాన్ జోన్స్, చార్ల్స్ బ్రాడ్లీల పేర్లు నీ ఉత్తరంలో రాశావు. వాళ్ళది తిరిగి రావడం అనలేం. షరాన్ జోన్స్ న్యూయార్కులోని రైకర్స్ జైలులో కాపలా ఉద్యోగం చేసి, తన మొదటి ఆల్బమ్ వచ్చేనాటికి నలభై దాటింది. చార్ల్స్ బ్రాడ్లీ ఏళ్ళ తరబడి ప్రసిద్ధ గాయకుడు జేమ్స్ బ్రౌన్ వేషం వేసి పొట్టపోసుకుని, 2011లో అరవై రెండేళ్ళకు తొలి ఆల్బమ్ ఇచ్చారు. వాళ్ళకు పోల్చుకోవలసిన పాత రికార్డు లేదు, ఆ భారం మీ గాయనికి ఉంది. అయితే ఆ బ్రూక్లిన్ బృందాల నుంచి ఒకటి తీసుకోదగ్గది ఉంది. గాయకులు రాకముందే వాళ్ళు వేదిక ఎక్కి, ఒకటి రెండు వాయిద్యగీతాలు వాయించి, సభను వేడెక్కించి, ఆ మీదట పేరు పిలిచి ఆహ్వానిస్తారు. పాత సోల్ ప్రదర్శనల సంప్రదాయం అది. ఆవిడకు దానివల్ల రెండు లాభాలు: హాల్లో ధ్వని కుదురుకున్నాక వస్తారు, పది నిమిషాలు తక్కువ నిలబడతారు.

అన్నట్టు, కూర్చోవడం గురించి కూడా ఇప్పుడే మాట్లాడండి. సాలొమన్ బర్క్ భారీకాయుడు, చివరి ఏళ్ళలో నిలబడి పాడలేకపోయేవారు. వేదిక మధ్య సింహాసనం వేయించుకుని దాంట్లో కూర్చుని పాడేవారు. ఆయనకున్న ‘రాక్ అండ్ సోల్ రాజు’ బిరుదుకు అది అమరింది. మీ ఆవిడకు ఒక ఎత్తు స్టూలు చాలు, కానీ అది మొదటి పాట నుంచే వేదిక మీద ఉండాలి. మధ్యలో ఎవరో పరుగెత్తుకొచ్చి కుర్చీ వేస్తే జనం పాట మరిచి ఆవిడ మోకాళ్ళను చూస్తారు.

కార్యక్రమం డెబ్బై అయిదు నిమిషాలకు మించనీయకు. మొదటి పాట మధ్యస్థాయిలో, ఆవిడకు కళ్ళు మూసుకుని పాడగలిగేది ఉండాలి. అందరూ ఎదురుచూసే పాత పాటను మొదట్లో పెట్టకు, చిట్టచివరా పెట్టకు. మూడింట రెండు వంతులు గడిచాక, గొంతు బాగా తెరుచుకుని, ఇంకా అలసిపోని చోట పెట్టు. దాని ముందు మీ బృందం ఒక వాయిద్యగీతం వాయిస్తుండగా ఆవిడ కూర్చుని గోరువెచ్చని నీళ్ళు తాగాలి. పల్లవిలో పై స్వరం ఉన్నచోట దాన్ని వెనుక పాడే అమ్మాయికి అప్పగించి, ఆవిడను కింది వరస పాడమను. ఇద్దరు అమ్మాయిలు చాలు, ఇద్దరూ చర్చిలో పాడి వచ్చినవాళ్ళయితే మేలు. వాళ్ళు ఆవిడ పాడే వరసనే ఆవిడతో కలిసి పాడకూడదు. అలా చేస్తే ఆవిడకు సాయం చేస్తున్నామనుకుంటారు గానీ, ఆవిడ విరుపులన్నీ కప్పేస్తారు.

హార్న్స్ ముగ్గురు చాలు: ఒక ట్రంపెట్, ఒక టెనర్ శాక్సఫోన్, వీలైతే ఒక బారిటోన్ శాక్సఫోన్. రాసిన కాగితాలు ఉండనీ, కానీ ఆవిడ నోటితో చెప్పిన వరసలు వాళ్ళు పట్టుకోగలగాలి. స్టాక్స్ గాయకుడు ఓటిస్ రెడింగ్ హార్న్స్ వాళ్ళకు తన నోటితోనే వరసలు పాడి వినిపించేవారు. ఆ తరం వాళ్ళలో చాలామందికి అదే పద్ధతి. ఆవిడ ‘ఇక్కడ బా-దాప్’ అంటే నవ్వకుండా అది రాసుకునేవాణ్ణి పెట్టుకో.

రిహార్సల్స్ ఎన్ని అన్నావు. ఆవిడతో తక్కువ, ఆవిడ లేకుండా ఎక్కువ. ఆవిడ వచ్చేసరికి మీకు పాటల నడక రాకపోతే, మీరు తప్పులు దిద్దుకుంటుంటే ఆవిడ అదే పల్లవి పది సార్లు పాడవలసి వస్తుంది, గొంతు అక్కడే అయిపోతుంది. ఆవిడతో జరిగే రిహార్సల్ రెండు గంటలు దాటకూడదు, కార్యక్రమానికి ముందు రోజు అసలు వద్దు. ఆవిడతో సాధన చేయవలసింది ముఖ్యంగా ముగింపులు. సోల్ పాట చివర ఒకటి రెండు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) మీద తిరుగుతూ ఉండిపోయే చోటు ఉంటుంది కదా, మీరు వ్యాంప్ అంటారు; చర్చిలో పెరిగిన గాయని అక్కడ మాట్లాడుతుంది, సాక్ష్యం చెబుతుంది, ఎదుటివాళ్ళను అడుగుతుంది, ఏడిపిస్తుంది. అది నాలుగు ఆవృతాలు సాగవచ్చు, నలభై సాగవచ్చు. అప్పుడు బృందం గొంతు తగ్గించి, నడక సడలకుండా, విసుగు చూపకుండా తిరుగుతూ ఉండాలి. సంజ్ఞలను ఆవిడ దగ్గరే నేర్చుకోండి. నేను ఆర్గన్ వాయించిన ఒక పెద్దావిడ ఎడమ చేతిని నడుము వెనక్కి పెట్టేవారు. అరచెయ్యి తెరిచి ఉంటే ఇంకో చుట్టు, గుప్పిట ముడిస్తే డ్రమ్స్ ఆగాలి, బొటనవేలు కదిపితే అందరం కలిసి పైకి లేవాలి. జనానికి ఆ చెయ్యి కనిపించదు. మా కళ్ళు మాత్రం పాటంతా ఆ చేతి మీదే ఉండేవి. కాగితం మీద కళ్ళు పెట్టుకుని వాయించేవాడు ఆ బృందంలో ఒక్క రాత్రి కూడా నిలబడలేడు.

ధ్వని విషయంలో ఒక్కటి గుర్తుంచుకో. వయసు మీద పడ్డవాళ్ళకు మొదట తగ్గేది పై పౌనఃపున్యాల వినికిడి. ఆవిడ ‘నాకు నా గొంతు వినిపించడం లేదు, పెంచండి’ అంటే చాలాసార్లు కావలసింది శబ్దం కాదు, స్పష్టత. సౌండ్ చూసేవాడితో చెప్పి, ఆవిడ ముందున్న మానిటర్‌లో (పాడేవాళ్ళకు వినిపించే స్పీకరు) 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య భాగాన్ని కాస్త ఎత్తి, గిటార్లను, హార్న్స్‌ను పూర్తిగా తీయించి, ఆవిడ గొంతు, ఆర్గన్, స్నేర్ మాత్రం ఉంచమను. కుర్రవాళ్ళకు అలవాటైన ఇయర్‌ఫోన్లను ఆవిడ మీద రుద్దకు. జనం స్పందన చెవిన పడకపోతే ఆ తరం గాయకులకు గొంతు పెగలదు. పాటల మాటలు పెద్ద అక్షరాల్లో అచ్చు వేసి స్టాండు మీద పెట్టు, ఆవిడ అడగకపోయినా సరే.

పిలుపు సంగతి నీకు చెప్పనక్కరలేదనుకుంటాను, మన ఇళ్ళలో పెద్దలను పేరు పెట్టి పిలవం కదా. ఇక్కడి దక్షిణాదిలో కూడా ఆ మర్యాద ఉంది: పేరుకు ముందు ‘మిస్’ పెట్టి పిలవాలి, మాటకు ‘మ్యామ్’ చేర్చాలి. న్యూయార్కు నుంచి వచ్చిన మీ ట్రంపెట్ కుర్రవాడికి ఇది ముందే చెప్పి పెట్టు. పోస్టర్ల మీద ‘మరుగునపడ్డ’, ‘లోకం మరచిన’ వంటి మాటలు వేయనీయకు. చర్చిలో ప్రతి ఆదివారం ఆవిడ పాట విన్నవాళ్ళు ఎవరూ ఆవిడను మరచిపోలేదు.

డబ్బు గురించి రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను, ఎందుకంటే ఆ తరం గాయకుల్లో మోసపోనివాళ్ళు అరుదు. ఏ ఊరికి ఎంత ఇస్తారు, దానిలో ఆవిడ వాటా ఎంత, బృందం వాటా ఎంత, ప్రయాణం, బస ఎవరి మీద అన్నది మొదటి రిహార్సల్‌కు ముందే కాగితం మీద ఉండాలి. ఆవిడకు మీ లాయరు కాకుండా వేరే లాయరు ఉండాలి. ఈ దేశంలో మామూలు రేడియోలో పాట వస్తే పాడినవాళ్ళకు పైసా రాదు. ఇంటర్నెట్ రేడియో, ఉపగ్రహ రేడియోల్లో వస్తే వస్తుంది. ఆ డబ్బు సౌండ్‌ఎక్స్ఛేంజ్ అనే సంస్థ వసూలు చేసి, సగం రికార్డు హక్కుదారుకు, 45 శాతం పాడినవారికి, 5 శాతం వెనుక వాయించిన, పాడినవాళ్ళకు పంచుతుంది. 1972 ఫిబ్రవరి 15కు ముందరి రికార్డులను కూడా 2018 నాటి చట్టం దీని కిందికి తెచ్చింది. ఆవిడ పేరు అక్కడ నమోదై ఉందో లేదో ఈ వారమే చూడు. పాత పాటల్లో ఏవైనా ఆవిడ సొంతంగా రాసినవి ఉంటే అది ఇంకా ముఖ్యం. అప్పట్లో ప్రచురణకర్తకు రాసిచ్చిన హక్కులను, కాపీరైటు మొదలైన 56 ఏళ్ళ తరువాత అయిదేళ్ళ గడువులో వెనక్కి తీసుకునే వీలు చట్టంలో ఉంది. నోటీసు కనీసం రెండేళ్ళు ముందు ఇవ్వాలి. 1968 పాటకు ఆ గడువు 2024లో మొదలై 2029 దాకా నడుస్తుంది. లెక్క నువ్వే వేసుకో, ఆలస్యం చేయడానికి వీల్లేని పని. కొత్త ఆల్బమ్‌కు కంపెనీ ముందుకొస్తే, రికార్డును శాశ్వతంగా అమ్మకుండా కొన్నేళ్ళకు అద్దెకిచ్చే ఒప్పందం అడగమను.

మొదటి ప్రదర్శనకు పెద్ద ఉత్సవం ఒప్పుకోకండి. అక్కడ సౌండ్ సరిచూసుకోవడానికి పది నిమిషాలు కూడా ఇవ్వరు, ఎండలో నిలబెడతారు. రెండు వందల మంది పట్టే హాలు చూసుకుని, ఆదివారం సాయంత్రం అయిదింటికి పెట్టండి. ఆవిడ చర్చివాళ్ళు వస్తారు, మీ వయసువాళ్ళూ వస్తారు, ఎనిమిదింటికి ఆవిడ ఇంటికి చేరతారు. కుదురుకున్నాక యూరప్ సంగతి చూడవచ్చు. ఇటలీలోని పొరెట్టాలో 1988 నుంచి ఓటిస్ రెడింగ్ పేరు మీద సోల్ ఉత్సవం జరుగుతోంది. ఇంగ్లండు ఉత్తరాన, అమెరికాలో ఎవరూ కొనని సోల్ రికార్డులను తెప్పించుకుని రాత్రంతా నాట్యం చేసే సంప్రదాయం 1960ల చివర మొదలై 1970ల్లో వ్యాపించింది. అక్కడివాళ్ళు ఆవిడ పేరున్న పాటను వదిలేసి, రికార్డు రెండోవైపు ఉన్న, ఆవిడే మరిచిపోయిన పాటను అడుగుతారు. ఆ పాటను ఇప్పుడే సాధనలో చేర్చండి. ఏ దేశమైనా సరే, రెండు ప్రదర్శనలకు మధ్య ఒక ఖాళీ రోజు లేనిదే సంతకం పెట్టవద్దు.

స్కేళ్ళు తేలిన తరువాత పాటల పట్టిక నాకు పంపు. ఆర్గన్ భాగాలు చూసి నా అభిప్రాయం రాస్తాను. అక్కయ్యకు, బావగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
మీ మామయ్య

తా.క. ఆర్గన్ అద్దెకు తీసుకుంటానన్నావు. అసలైన హేమండ్ బీ-3 పీట, పెడళ్ళతో కలిపి 190 కిలోల దాకా తూగుతుంది, దాని ధ్వనిని తిప్పి వినిపించే లెస్లీ స్పీకరు దానికి అదనం. హాలుకు లిఫ్టు గాని, వెనుక ర్యాంపు గాని ఉందో లేదో ఫోను చేసి కనుక్కున్న తరువాతే బయానా ఇవ్వు. మెట్లు మాత్రమే ఉంటే డిజిటల్ ఆర్గన్ తీసుకుని, లెస్లీ మాత్రం నిజమైనదే తెప్పించు.